వడ్లు దంచితే బియ్యం, బియ్యం దంచితే పిండి

గుంటూరులో మిరపకాయల్ని ఎవరూ పొడి చేయించరు. వేసవి మొదలవగానే మిర్చి యార్డు దగ్గరో, తెలిసిన రైతు దగ్గరో ఏడాదికి సరిపడా కాయలు కొంటారు. తాలుకాయలు ఏరి పారేస్తారు, తొడిమలు తీస్తారు, డాబా మీద గలగలలాడేదాకా ఎండబెడతారు. ఆ తర్వాత ఒకరు కారం దంపిస్తారు, ఒకరు కొట్టిస్తారు, ఒకరు పట్టిస్తారు, ఇంకొకరు ఆడిస్తారు. ఒకే వీధిలో నాలుగు మాటలూ వినిపిస్తాయి. ఎవరేమన్నా డబ్బాలోకి చేరేది మాత్రం అదే ఎర్రటి పొడి. అయినా ‘పొడి చేయించాం’ అని ఎవరూ అనరు.

గట్టి వస్తువును పొడిగా మార్చడం అన్న పనికి తెలుగులో సరైన క్రియ ఏది? ఇంగ్లీషు–తెలుగు నిఘంటువులు ‘పొడిచేయు’, ‘చూర్ణము చేయు’ అంటాయి. రెండూ ఒక నామవాచకానికి ‘చేయు’ను అతికించి సరిపెట్టిన జంట మాటలు. అలా కాదు, మనకు సొంత క్రియలు బోలెడున్నాయి అనేవారు దంచు, నూరు, విసురు, రుబ్బు అని వరసగా అప్పజెబుతారు. అక్కడే చిక్కు మొదలవుతుంది. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటీ పొడి గురించి చెప్పదు. చెయ్యి ఎటు కదిలిందో, దాని కింద ఎలాంటి రాయి ఉందో చెబుతుంది, అంతే. చివరికి ఏం మిగిలిందో చెప్పే బాధ్యతను తెలుగు నామవాచకాలకు అప్పగించింది: పొడి, పిండి, నూక, రవ్వ, బద్ద, ముద్ద, తొక్కు.

దంచు సంగతే చూడండి. రోకలి పైకి లేస్తుంది, నిలువునా రోట్లోకి దిగుతుంది. ఆ ఎత్తిపోత పేరే దంచడం. వడ్లు దంచితే బియ్యం వస్తాయి. అదే బియ్యం నానబెట్టి దంచితే అరిసెల పిండి వస్తుంది. పసుపు కొమ్ములు దంచితే పసుపు, అల్లం వెల్లుల్లి దంచితే ముద్ద. క్రియ మారలేదు, ఫలితం నాలుగు రకాలు. ఇంకా విచిత్రం ఏమిటంటే, వడ్లు దంచేటప్పుడు గింజ పొడి కాకుండా చూడటమే పనితనం. రోకలి పోటుకు గింజ మీద గింజ ఒరుసుకుని పొట్టు ఊడాలి గాని బియ్యపు గింజ విరగకూడదు. విరిగితే నూక. బియ్యం ఎక్కువ, నూక తక్కువ పడేలా దంచగలిగిన మనిషికి ఒకప్పుడు మంచి పేరు ఉండేది. అంటే దంచు అనే క్రియకు ‘పొడి చేయు’ అని అర్థం రాసిన నిఘంటువు, ఆ పని చేసే మనిషి దేన్ని తప్పుగా చూస్తుందో దాన్నే అర్థంగా రాసిందన్నమాట.

దీని నామరూపం దంపు. పెంచు–పెంపు, తెంచు–తెంపు, వంచు–వంపు, ముంచు–ముంపు అన్న జతల్లో ఇదొకటి. అందుకే ‘దంచుడు బియ్యం’ అనకుండా దంపుడు బియ్యం అంటాం, ‘దంచించాం’ కంటే దంపించాం సహజంగా వస్తుంది. ఊకదంపుడు ఉపన్యాసం అనే మాటలో ఉన్న వెటకారం కూడా ఈ పనిలోంచే పుట్టింది. బియ్యం ఎప్పుడో వేరైపోయాయి, రోట్లో మిగిలింది ఊక, అయినా రోకలి ఆగడం లేదు. వాన దంచికొట్టింది, ఎండ దంచేస్తోంది అన్నప్పుడు మనకు తోచేది పైనుంచి ఎడతెగకుండా పడే దెబ్బ. విజయవాడలో మే నెల మిట్టమధ్యాహ్నం రోడ్డు దాటిన వారికి ఈ ప్రయోగాన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

నూరడంలో దెబ్బ లేదు. సన్నికల్లు మీద పొత్రాన్ని ముందుకూ వెనక్కూ జరపడం, కల్వంలో గుండ్రంగా తిప్పుతూ అదమడం, రెండింటిలోనూ ఒక గట్టి ముఖం ఇంకో గట్టి ముఖానికి ఆనుకుని రాసుకుంటుంది. ఆ రాపిడి కిందే మిరియమైనా, సొంఠి కొమ్మైనా నలుగుతుంది. అందుకే కత్తిని కూడా నూరుతాం. కత్తి పొడి కాదు, పదునెక్కుతుంది. పళ్ళు నూరినవాడి నోట్లో పిండి రాలదు. కారాలూ మిరియాలూ నూరుతున్నాడు అంటే, పళ్ళు నూరే కోపానికి వంటింటి ఘాటు తోడైందని. ఈ జాతీయంలో మిరియాలు ఉండటం గమనించదగ్గది. మిరప మొక్క పోర్చుగీసుల ఓడల ద్వారా 16వ శతాబ్దంలో గాని మన దేశానికి రాలేదు. అంతకుముందు ఈ నేల మీద నాలుకను మండించే పని ఎక్కువగా మిరియాలే చేశాయి. ఎక్కడి నుంచో వచ్చిన కాయకు పేరు కూడా మిరియం బంధువులోంచే తీసి మిరప అన్నారు. ఇవాళ గుంటూరు సన్నం కాయకు భౌగోళిక గుర్తింపు ఉంది గాని, సన్నికల్లు వయసు ముందు మిరపకాయ వయసు లెక్కలోకి రాదు.

నూరిపోయడం అనే మాటను వార్తాపత్రికలు ధైర్యానికీ ద్వేషానికీ సమానంగా వాడుతున్నాయి. దాని పుట్టుక పసిపిల్లల పక్కన ఉంది. వసకొమ్మునో, కరక్కాయనో రాతి మీద నూరి, ఆ రసాన్ని ఉగ్గుగిన్నెతో నోట్లో పోసేవారు. బిడ్డ ఇష్టాయిష్టాలతో పని లేదు. నూరడం ఒకరి పని, మింగడం ఇంకొకరి గతి. వాగుడుకాయను చూసి ‘చిన్నప్పుడు వస ఎక్కువ పోశారా?’ అని అడగడం అక్కడి నుంచే వచ్చింది.

ఇక పుట్టుక. నూరు నూటికి నూరుపాళ్ళూ ద్రావిడ మాట (మాటల ఆట ఉద్దేశపూర్వకం కాదు, తప్పించుకోలేకపోయాను). పాత తెలుగులో దీన్ని బండి ఱ తో ‘నూఱు’ అని రాసేవారు. ఆ ఱ క్రమంగా మామూలు ర లో కలిసిపోయింది. తమిళంలోనూ ‘నూఱు’ అంటే నలిపి పొడి చేయడం. నామవాచకంగా వాడితే పొడి, పిండి, సున్నం. మలయాళంలో ‘నూఱు’ అంటే తాంబూలంలోకి రాసుకునే సున్నం, కూవదుంప (ఆరోరూట్) నుంచి తీసే తెల్లటి పొడికి ‘కూవనూఱు’ అని పేరు. తమిళంలో ‘నుఱుక్కు’ అంటే ముక్కలు ముక్కలు చేయడం. దాని రూపభేదమే అక్కడివారు చిరుతిళ్ళకు పెట్టుకున్న ‘నొఱుక్కు తీని’ అనే పేరులో కనిపిస్తుంది. మన కావ్యాల్లో యుద్ధాలప్పుడు వినిపించే ‘నుఱుమాడు’ (తుత్తునియలు చేయు) ఈ కుదురులోదే. భాషాశాస్త్రవేత్తలు థామస్ బరో, ముర్రే ఎమెనో కలిసి 1961లో ద్రావిడ భాషల ధాతు నిఘంటువు వెలువరించాక, ఇలాంటి మాటల చుట్టరికం ఒకే చోట సరిచూసుకునే వీలు కలిగింది.

వందను చెప్పే నూరు సంగతేమిటి? ‘నూరు ముక్కలు చేయడమే నూరడం’ అని చెబితే వినడానికి బాగుంటుంది. కానీ తమిళంలోనూ సంఖ్య నూఱే, నలపడమూ నూఱే. తెలుగు, తమిళం వేరుపడక ముందు నుంచే రెండు మాటలు ఒకే ధ్వనితో పక్కపక్కన బతుకుతున్నాయి. ధ్వని ఒకటైనంత మాత్రాన ఒకదాంట్లోంచి ఇంకోటి పుట్టిందనడానికి ఆధారం కాదు.

నాకు అన్నిటికంటే ఆసక్తి కలిగించేది సున్నం. సంస్కృతంలో చూర్ణం అంటే పొడి. ప్రాకృతంలో అది చుణ్ణ అయింది. అక్కడి నుంచి తెలుగులో సున్నం, సున్నుండ, సున్నిపిండి వచ్చాయి. అంటే సంస్కృతం నుంచి వచ్చిన మాటలోనూ ‘పొడి’ అన్న అర్థం సున్నానికి స్థిరపడింది, ద్రావిడ మాట నూఱులోనూ ‘పొడి’ అన్న అర్థం సున్నానికే స్థిరపడింది. ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు మాటలు ఒకే చోటికి చేరాయి. కారణం వస్తువులోనే ఉంది. కాల్చిన సున్నపురాయి మీద నీళ్ళు చల్లితే అది సెగలు కక్కుతూ తనంతట తానే విచ్చిపోయి మెత్తటి పొడి అవుతుంది. రోలూ రోకలీ అక్కర్లేదు. మనిషి చెయ్యి పడకుండా ఇంత మెత్తగా పొడి అయ్యే వస్తువు ఇంటి చుట్టుపక్కల ఇంకోటి కనబడదు. ‘పొడి’ అని పేరు పెట్టదగ్గ వస్తువు ఏదని వెతికితే రెండు భాషా కుటుంబాలవారికీ ముందు సున్నమే తగిలింది.

సంస్కృతం ఈ పనికి వాడిన అసలు ధాతువు పిష్. పిష్టం అంటే పిండి. విమర్శకులు ఇష్టపడే ‘పిష్టపేషణం’ అంటే పిండినే మళ్ళీ పిండి చేయడం, మన ఊకదంపుడుకు పండిత సోదరుడు. లాటిన్‌లో దంచడానికి వాడిన ‘పిన్సెరె’ ఈ పిష్‌కు దగ్గర చుట్టం. దాని సంతతే ఇటలీ మీదుగా మన బండి ఇంజనులో పైకీ కిందికీ కదిలే పిస్టన్‌గా వచ్చి కూర్చుంది. రోకలికి యంత్రరూపం ఇస్తే పిస్టనే కదా. సంస్కృతంలో రోకలి పేరు ముసలం. పార్టీలో ముసలం పుట్టింది అని రాసే ప్రతిసారీ మనం భారతంలోని ఆ ఇనుప రోకలిని తలుచుకుంటున్నాం. మునుల శాపం వల్ల కృష్ణుడి కొడుకు సాంబుడికి పుట్టిన ఆ ముసలాన్ని యాదవులు పొడి చేసి సముద్రంలో కలిపిస్తారు. ఈ కథను తెలుగులో చెప్పేవాళ్ళు ఏ క్రియ వాడతారో వినండి. దంచారు అనరు, నూరారు అనరు. అరగదీశారు అంటారు. గంధపుచెక్కనూ అలాగే అరగదీస్తాం. గట్టి వస్తువును రాతికేసి రాస్తూ పోతే అది కొద్దికొద్దిగా తరుగుతుంది, కనుక అరగదీయడం. కథలో చివరికి మిగిలింది పొడే అయినా, కథకుడి నోట చేతి కదలికే వచ్చింది.

విసురు మరీ సూటిగా కదలిక మాట. తిరగలి పిడి పట్టుకుని పైరాయిని గుండ్రంగా తిప్పడం విసరడం. రాయి విసరడం, విసనకర్రతో విసరడం, పిండి విసరడం అన్నీ ఒకే క్రియ. కాకతాళీయం అనుకుందామంటే కన్నడం అడ్డొస్తుంది. అక్కడ ‘బీసు’ అంటే గాలి వీచడం, చేత్తో ఊపడం, విసిరేయడం, తిరగలి తిప్పడం. తిరగలి పేరే ‘బీసుకల్లు’. తెలంగాణలో తిరగలిని ఇసుర్రాయి అంటారు. ఆ మాటా సరిగ్గా ఇదే. మూలంలో ఉన్నది చేతిని వంపుగా తిప్పే ఊపు. తిరగలిలో బియ్యం వేస్తే రవ్వ, గోధుమలు వేస్తే పిండి, కందులు వేస్తే రెండుగా విడిన పప్పు. కందుల విషయంలో ఇక్కడ కూడా పొడి కావడం నష్టమే. తిరగలి రాళ్ళు వాడిన కొద్దీ నున్నబడతాయి. నున్నటి రాయి గింజను పట్టుకోలేదు. అందుకని అప్పుడప్పుడు కక్కు కొట్టించేవారు, అంటే ఉలితో చిన్న చిన్న గంట్లు పెట్టించి రాతికి మళ్ళీ పళ్ళు తెప్పించేవారు. దంచే రోటికి ఈ అవసరం అంతగా లేదు, ఎందుకంటే అక్కడ పని చేసేది బరువు. విసరడంలోనూ రుబ్బడంలోనూ పని చేసేది గరుకుతనం.

రుబ్బు తడి పని. నానిన మినప్పప్పును నీళ్ళు చిలకరిస్తూ పొత్రంతో తిప్పడం. నీళ్ళు వేడిని లాగేస్తాయి, చాలాసేపు తిరగడం వల్ల పిండిలోకి గాలి చేరి పొంగుతుంది. ఇడ్లీ మెత్తదనానికి అదీ ఒక కారణం. రుబ్బితే పొడి రావడం అసాధ్యం, అయినా నిఘంటువుల్లో ఇదీ ఆ వరసలోనే నిలబడుతుంది. కన్నడంలోనూ ఇది రుబ్బే. ఇంగ్లీషులో రుద్దడానికి వాడే మాటతో పోలిక ఉందని కొందరు మురిసిపోతుంటారు గాని అది వట్టి పోలిక.

మాట మొదట్లో ర ఉండటం మాత్రం ఇంకో కథలోకి దారి చూపిస్తుంది. మూల ద్రావిడంలో మాటలు ర, ల లతో మొదలయ్యేవి కావు. తెలుగులో ఉన్న అలాంటి మాటల్లో చాలావాటికి అచ్చులు స్థానం మారడం వల్ల ఆ రూపం వచ్చింది. తమిళంలో ఇరండు, మనకు రెండు. అక్కడ ఉళ్, ఇక్కడ లో. అక్కడ ఉరల్, ఇక్కడ రోలు. ఉలక్కై, కన్నడంలో ఒనకె, మన రోకలి కూడా ఒకే కుటుంబం. తెలుగు క్రియాధాతువుల మీద 1961లో గ్రంథం ప్రచురించిన భద్రిరాజు కృష్ణమూర్తి ఈ మార్పుల వెనకున్న సూత్రాలను విప్పి చెప్పారు. ఆయన ఒంగోలులో పుట్టిన 1928 నాటికి ఆ ఊరు గుంటూరు జిల్లాలోనే ఉండేది. రోలుకు విభక్తి ముందు వచ్చే రూపం రోటి. రోటి పచ్చడి అన్న పేరు చూసి రొట్టెలోకి పచ్చడి అనుకునే కుర్రకారు విజయవాడ హోటళ్ళలో కనబడితే వారిని తప్పుపట్టలేం, రోలే కనబడని ఇళ్ళలో పెరిగారు.

ఇప్పుడు పొడి దగ్గరికి వద్దాం. ఇది అచ్చమైన ద్రావిడ మాట. తమిళ మలయాళాల్లో పొడి, కన్నడంలో పుడి, హుడి. మలయాళంలో ఈ నామవాచకం నుంచే క్రియ కూడా వచ్చింది. ‘పొడిక్కుక’ అంటే పొడి చేయడం. తమిళంలోనూ మిరియాలను ‘పొడిస్తారు’. తెలుగు మాత్రం ఆ దారి పట్టలేదు. మన దగ్గర మిరియాలను పొడిచాను అంటే వినేవాడు వింతగా చూస్తాడు, మనిషిని పొడిచాను అంటే పోలీసులు వస్తారు. పొడుచు అన్న రూపం కత్తిపోటుకు దఖలు పడిపోయింది. క్రియ కాలేకపోయిన మన పొడి ఇంకో వైపు పెరిగింది. పొడిలో తేమ ఉండదు కనుక పొడి అంటే తడి లేనిది అన్న అర్థం తెచ్చుకుంది. పొడి బట్ట, పొడి దగ్గు, పొడి మాటలు. మున్సిపాలిటీవారు తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమన్నప్పుడు ప్లాస్టిక్ సీసాలను ఎవరూ దంచి ఇవ్వరు.

మర వచ్చాక ఈ క్రియల లెక్క తారుమారైంది. పని ఇంటి నుంచి వీధి చివరి మిల్లుకు పోయింది, వ్యాకరణం వెంటనే ఆ సంగతి నమోదు చేసింది. దంచింది పోయి దంపించింది వచ్చింది. పట్టించు, ఆడించు, కొట్టించు, అన్నీ ఇంకొకరిచేత చేయించే రూపాలే. ఆడించు ముందు గానుగకు వాడిన మాట. ఎద్దును తిప్పి గానుగను ఆడిస్తారు. ధాన్యం మిల్లుకూ పిండి మరకూ అదే పాకింది. తమిళంలో ‘ఆట్టు’ సరిగ్గా ఇదే, ఆడేలా చేయడం. అక్కడ రుబ్బురోలు పేరే ‘ఆట్టుక్కల్’. పట్టుకు సానబట్టడంతో చుట్టరికం కనిపిస్తుంది, రాతికి ఆనించి ఉంచడం. మిల్లు కాలంలో కూడా తెలుగు కదలికను వదల్లేదు, కదిలించే మనిషిని మాత్రం మార్చింది.

మిర్చి విషయంలో దంపించడానికీ పట్టించడానికీ ఇంకా తేడా మిగిలే ఉంది. వేగంగా తిరిగే మరలో రాపిడి వల్ల వేడి పుడుతుంది. కాయలోని సువాసన ఆ వేడికి కొంత ఎగిరిపోతుంది, ఎరుపు కూడా కొంత మాడినట్టు కనిపిస్తుంది. మంట మాత్రం అంత తేలిగ్గా పోయేది కాదు. దంచేటప్పుడు ఒక పోటుకూ ఇంకో పోటుకూ మధ్య సరుకు చల్లారే వ్యవధి ఉంటుంది. ఆవకాయలోకి, కూర కారంలోకి దంచిన కారమే కావాలని పట్టుబట్టే పెద్దవాళ్ళది ఉత్త చాదస్తం కాదు. ఈ గిరాకీని పసిగట్టి యంత్రానికే రోకళ్ళు బిగించిన మరలు వచ్చాయి. అక్కడికి వెళ్ళినవారు పట్టించాం అనరు, దంపించాం అనే అంటారు.

మిక్సీ దగ్గర ఈ తేడాలు నిజంగా చెరిగిపోయాయి. బ్లేడు దంచదు, నూరదు, విసరదు, రుబ్బదు. నరుకుతుంది. అయినా మిక్సీ నరికాం అని మనం అనలేదు. మిక్సీ వేశాం, మిక్సీ పట్టాం అంటున్నాం. వంటల శీర్షికలు రాసేవారికి దీనితో కొత్త ఇబ్బంది వచ్చింది. పూర్వం ‘అల్లం దంచి, మినుములు రుబ్బి, మిరియాలు నూరి’ అంటే ఎంత మెత్తగా, తడిగానా పొడిగానా అన్నది వస్తువు పేరూ క్రియా కలిసి చెప్పేసేవి. ఇప్పుడు అన్నిటికీ ‘మిక్సీ పట్టాలి’ ఒక్కటే గనుక, ముందు ఒక విశేషణం తగిలించక తప్పడం లేదు. వేరుశనగపప్పు బరకగా, కందిపొడికి కాస్త పలుకుగా, ధనియాలు మెత్తగా, వెల్లుల్లి కచ్చాపచ్చాగా, కొబ్బరి నీళ్ళు పోయకుండా. ‘బరకగా’ అన్నది చదవకుండా బటను నొక్కి ఉంచితే వేరుశనగపప్పు నూనె కక్కి జారు ముద్దవుతుంది, ఇక ఆ పూటకు పొడి లేదు.